గొలుసు కట్టిన గ్లాసు



సినిమా హాల్లో ఇంటర్వెల్ లైట్లు వెలగగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది దాహం. ఈ పూట ఆ దాహం గురించే మీతో మాట్లాడదామని వచ్చాను. వినడానికి చిన్న విషయమే. కానీ గడిచిన కొన్నేళ్లలో అది అగర్తలలో, జమ్మూలో, విజయవాడలో కోర్టు మెట్లెక్కింది. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ న్యాయమూర్తులు చెప్పిన మాటల్లో సగం మన దాకా వచ్చాయి. మనకు పనికొచ్చే మిగతా సగం రాలేదు. ఆ సగాన్ని మీ చెవిన వెయ్యాలని నా ఆరాటం.

ముందు మా ఊరి పాత హాలు సంగతి చెబుతాను. నేల టికెట్టు తలుపు పక్కన ఒక సిమెంటు తొట్టి ఉండేది. దానికి ఇత్తడి కుళాయి. కుళాయి మెడకు గొలుసు, గొలుసు చివర గ్లాసు. బెల్లు కొట్టగానే నేలవాళ్లూ, బెంచీవాళ్లూ, కుర్చీవాళ్లూ అందరూ ఆ కుళాయి దగ్గరే వరస కట్టేవాళ్లు. గ్లాసు ఎత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకుని, పక్కవాడికి అందించేవాళ్లు. బయట గోళీసోడా కొట్టిన చప్పుడు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయల వాసన, పేపరు పొట్లాల్లో మరమరాలు. డబ్బులున్నవాళ్లు సోడా తాగేవాళ్లు, లేనివాళ్లు కుళాయి నీళ్లు తాగేవాళ్లు. దాహంతో సీటుకు తిరిగి వెళ్లినవాళ్లు మాత్రం లేరు. మా అమ్మ కొంగున జంతికలు మూటగట్టి తెచ్చేది. గేటు దగ్గర ఆ మూట విప్పమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఈమధ్య జరిగిన సంగతి. ఒక ఆదివారం మా చెల్లెలి కుటుంబంతో కలిసి పట్నంలో ఒక పెద్ద హాలుకు వెళ్లాను. గేటు దగ్గర సంచులు వెతికే అమ్మాయి మా చెల్లెలి సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి నీళ్ల సీసా. రెండోది చిన్న స్టీలు డబ్బా. అందులో పద్నాలుగు నెలల మా మేనకోడలికి కాచిన రాగిజావ.

“బయటి ఫుడ్ లోపలికి తీసుకెళ్లకూడదు మేడం” అంది ఆ అమ్మాయి.

“ఇది పాపకమ్మా. టైముకి పట్టకపోతే ఏడుస్తుంది” అంది మా చెల్లెలు.

“నన్నేం చెయ్యమంటారు మేడం, వదిలితే మా సార్ తిడతారు.”

ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అనబుద్ధి కాలేదు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. మేనేజరు గారిని పిలవమని అడిగాను. ఆయన వచ్చారు. పసిపిల్లల తిండి లోపలికి తీసుకెళ్లవచ్చని సుప్రీంకోర్టు తీర్పులో ఉందండీ అని నెమ్మదిగా చెప్పాను. ఆయన డబ్బా మూత తీసి చూసి, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశారు. నీళ్ల సీసా మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. “లోపల వాటర్ ఉంటుంది సార్” అన్నారు.

ఇంటర్వెల్లో వెతికాను. బాత్‌రూముల వైపు వెళ్లే దారిలో, ఒక మూల, స్టాండు మీద నీళ్ల క్యాను బోర్లించి ఉంది. క్యాను ఖాళీ. పక్కన గ్లాసు లేదు. అక్కడికి పది అడుగుల దూరంలో తినుబండారాల కౌంటరు, అద్దాల ఫ్రిజ్‌లో వరసగా చల్లటి సీసాలు. నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఎడమ చేతిలో మాత్ర, కుడి చేతిలో చిన్న పర్సు. సీసా ధర అడిగింది. విన్నది. పర్సు మూసి, మాత్రను మళ్లీ కాగితంలో చుట్టి, కొంగున ముడి వేసుకుని వెనక్కి తిరిగింది. మా చెల్లెలు పరుగున వెళ్లి ఒక సీసా కొని ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ మొహమాటపడుతూ రెండు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు తిరిగి ఇవ్వబోయింది. ఆ ముడి వేసిన మాత్ర నా మనసులోంచి పోలేదు. ఈ ప్రసంగానికి కారణం అదే.

ఇక కోర్టుల సంగతికి వద్దాం.

2018 జూలైలో జమ్మూ కశ్మీర్ హైకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. సినిమా హాళ్లలోకి ప్రేక్షకులు సొంత తిండి, నీళ్లు తెచ్చుకోకుండా అడ్డుకోకూడదంది. హాళ్ల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 జనవరి 3న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, తెలుగువారైన జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ కూర్చున్న ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టేసింది. హాలు యజమాని సొంత ఆస్తి, లోపలికి ఏం రావాలో, ఏం రాకూడదో షరతు పెట్టే హక్కు ఆయనకుంది అని చెప్పింది. ఎవరైనా జిలేబీలు తెచ్చుకుని తిని, ఆ పాకం చేతులు సీట్లకు తుడిస్తే శుభ్రం చేయించే ఖర్చు ఎవరిదని ప్రధాన న్యాయమూర్తి అడిగారు. ఆ మాట మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చింది.

ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. సీటు శుభ్రంగా ఉండాలని కోరుకునేవాణ్ణే నేను కూడా. కానీ అదే ధర్మాసనం అదే రోజు ఇంకో రెండు మాటలు చెప్పింది. ఒకటి, హాలు యజమానులు ప్రేక్షకులకు శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలి. రెండు, పసిబిడ్డతో వచ్చిన తల్లిదండ్రులు ఆ బిడ్డకు కావలసినంత తిండి వెంట తెచ్చుకోవచ్చు. గేటు మూసే హక్కును, గ్లాసు పెట్టే బాధ్యతను కోర్టు ఒక్క చోటే చెప్పింది. హక్కు గేటు దగ్గర బోర్డెక్కింది. బాధ్యత బాత్‌రూముల దారిలో ఖాళీ క్యానుగా మిగిలిపోయింది.

ఈ బాధ్యత కొత్తగా పుట్టింది కూడా కాదు. 2015లో, త్రిపుర రాజధాని అగర్తల నుంచి వచ్చిన ఒక కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. సినిమాకు వెళ్లిన ప్రేక్షకులను గేటు దగ్గర ఆపి నీళ్ల సీసా తీసేసుకున్నారు. లోపల ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. కమిషన్ ఏమందంటే, నీళ్లు లోపలికి రానివ్వకపోతే, లోపల ఉచితంగా తాగునీరు పెట్టి తీరాలి. రెండూ చెయ్యకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం అంది. మరుసటి ఏడాది, 2016లో, ఇంకో కేసు. బయట 16 రూపాయలకు దొరికే నీళ్ల సీసాను హాల్లో 30 రూపాయల ధర ముద్రించి అమ్మారు. ఒకే నీళ్లకు రెండు ధరలేమిటని కమిషన్ తప్పుపట్టింది. ఆ తర్వాత కేంద్రం ప్యాకెట్ సరుకుల నిబంధనలు మార్చింది. 2018 జనవరి 1 నుంచి ఒకే సరుకు మీద రెండు రకాల ఎంఆర్‌పీలు ముద్రించడం కుదరదని చెప్పింది.

మన దగ్గర కూడా 2018 ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గ ఏడాది. తెలంగాణలో తూనికలు కొలతల శాఖ ఆ ఆగస్టు నుంచి మల్టీప్లెక్సుల్లో తనిఖీలకు దిగింది. ప్యాకెట్ సరుకు ఎంఆర్‌పీకే అమ్మాలి, పాప్‌కార్న్ లాంటి విడి సరుకుకు ఎంత పరిమాణానికి ఎంత ధరో కనిపించేలా రాయాలి అంది. అదే నెలలో విజయవాడ వినియోగదారుల ఫోరం అక్కడి మల్టీప్లెక్సుల మీద వచ్చిన ఫిర్యాదులు విని, జరిమానాలు వేసింది. బయటి తిండి విషయంలో 2023 తీర్పు వచ్చాక లెక్క మారింది. నీళ్ల లెక్క మాత్రం మారలేదు. ఆ బాధ్యతను సుప్రీంకోర్టు ఇంకా గట్టిపరిచింది.

మరో మాట 2025 నవంబర్ నాటిది. టికెట్ ధర 200 రూపాయలు దాటకూడదని కర్ణాటక ప్రభుత్వం పెట్టిన నిబంధన కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టులో ఆ కేసు విచారణకు వచ్చినప్పుడు జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఉన్న ధర్మాసనం మల్టీప్లెక్సుల తరఫు లాయర్లను నీళ్ల ధరే అడిగింది. సీసా నీళ్లకు వంద రూపాయలా, కాఫీకి ఏడు వందలా అంది. ఇలాగే సాగితే హాళ్లు ఖాళీ అవుతాయని హెచ్చరించింది. అంతకు ముందు, మే నెలాఖరులో, ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూడా థియేటర్లలో తినుబండారాలు, నీళ్ల సీసాల ధరల మీద, పారిశుద్ధ్యం మీద తనిఖీలు జరపాలని అధికారులకు చెప్పారు. అందరి నోటా నీళ్ల మాటే రావడం చూడండి. తిండిలో తప్పనిసరి అయినది నీళ్లు ఒక్కటే గనక, బాధ కూడా అక్కడే పొడుచుకొస్తుంది.

పాప్‌కార్న్ గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. పేలాలు మనకు కొత్త కాదు. తొలి ఏకాదశికి పేలపిండి కొట్టుకుని బెల్లం కలుపుకుని తినే జాతి మనది. అలాంటి పేలాల మీద 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ మూడు పన్నులు వివరించింది. అప్పటి లెక్కలో ఉప్పు, మసాలా కలిపి విడిగా అమ్మితే 5 శాతం. ప్యాకెట్ చేసి లేబులు వేస్తే 12 శాతం. చక్కెర పాకం పట్టిస్తే మిఠాయి లెక్క, 18 శాతం. చట్టంలో దానికో తర్కం ఉంది. పంచదార సరుకుల పద్దు వేరు, పేలాల పద్దు వేరు. అయితే కౌంటరు ముందు పిల్లవాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ తండ్రికి ఆ తర్కం అందదు. బిల్లు మీద అంకె ఒక్కటే అందుతుంది. తర్వాత 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులే మారాయి. వంద రూపాయల లోపు సినిమా టికెట్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. ఈ తగ్గింపు చిన్న ఊళ్ల హాళ్లకు, కింది తరగతి టికెట్లకు నిజంగా మేలు. ప్రభుత్వం చేసిన ఆ మంచిని ఒప్పుకోవాలి. కానీ టికెట్ మీద మిగిలిన ఐదారు రూపాయలు నీళ్ల సీసా దగ్గర పదింతలుగా పోతుంటే ఆ మేలు ఇంటిదాకా రాదు.

ఇప్పుడు హాలు యజమాని వైపు నుంచి కూడా చూద్దాం. నాకు ఆ రంగంలో స్నేహితులున్నారు. వాళ్ల కష్టం దగ్గర నుంచి చూశాను. టికెట్ మీద వచ్చే డబ్బులో పన్ను పోగా డిస్ట్రిబ్యూటర్‌కు పెద్ద వాటా వెళ్తుంది. తిండి మీద వచ్చేది మాత్రం హాలుకే మిగులుతుంది. పెద్ద మల్టీప్లెక్స్ సంస్థల ఆదాయంలో సుమారు మూడో వంతు తినుబండారాలదే. కరెంటు, ఏసీ, ప్రొజెక్టరు, జీతాలు అన్నీ దాని మీదే ఆనుకుని ఉన్నాయి. సింగిల్ స్క్రీన్ల పరిస్థితి మరీ దయనీయం. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు, ఆడించడానికి సినిమాల్లేక, జనం రాక, పది రోజులు మూసేస్తున్నామని ప్రకటించాయి. 2025లో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి మాకొద్దు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండని, లేకపోతే జూన్ నుంచి తలుపులు మూస్తామని పట్టుబట్టారు. ఎన్నో ఊళ్లలో పాత హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి. మా ఊరి హాలు కూడా వాటిలో ఒకటి. ఆ సిమెంటు తొట్టి ఉన్న చోట ఇప్పుడు ఎరువుల బస్తాలు పేర్చి ఉన్నాయి.

అందుకే పాప్‌కార్న్ ధర తగ్గించండని నేను యజమానులతో పోట్లాడను. కాఫీ ఎంతకమ్మాలో చెప్పను. అవి సరదాలు. ఇష్టమైతే కొంటాం, కష్టమైతే మానేస్తాం. హోటళ్లలో సీసా నీళ్లను ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్మవచ్చని, అక్కడ కూర్చోబెట్టి చేసే సేవ కూడా ఆ ధరలో ఉందని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో చెప్పింది. ఆ మాటను కూడా గౌరవిస్తాను. నేను అడిగేది ఒక్కటే. కొనలేనివాడికి, కొనడం ఇష్టం లేనివాడికి, మాత్ర మింగాల్సిన పెద్దావిడకు గుక్కెడు నీళ్లు చెయ్యి చాపితే అందాలి. వెతికితే దొరకడం వేరు, చెయ్యి చాపితే అందడం వేరు.

మన ఊళ్లలో ఎండాకాలం రాగానే చలివేంద్రాలు వెలుస్తాయి. తాటాకు పందిరి, ఇసుక పరిచిన తిన్నె, దాని మీద తడిగుడ్డ చుట్టిన కుండలు. కిరాణా కొట్టు శెట్టిగారు పెడతారు, ఆటో స్టాండు కుర్రాళ్లు పెడతారు, గుడి కమిటీ వాళ్లు పెడతారు. తాగి వెళ్లేవాడి కులమేమిటో, జేబులో ఎంతుందో ఎవరూ అడగరు. కొందరు మజ్జిగ కూడా పోస్తారు. కొట్టు ముందు చలివేంద్రం పెట్టిన శెట్టిగారి వ్యాపారం ఏనాడూ దెబ్బతినలేదు. పైగా నీళ్లకని ఆగినవాడు ఉప్పో పప్పో కొనుక్కుని వెళ్తాడు. దాహానికి నీళ్లివ్వడం వ్యాపారానికి అడ్డం కాదని మన వర్తకులకు తరతరాలుగా తెలుసు. సినిమా హాలు కూడా అలాంటి వర్తకమే.

హాళ్ల యజమానులకు, మేనేజర్లకు నా విన్నపం ఇది. ప్రతి స్క్రీను బయట, కౌంటరుకు ఎదురుగా, నలుగురికీ కనిపించే చోట నీళ్ల ఏర్పాటు చెయ్యండి. “ఉచిత మంచినీరు” అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంటర్వెల్‌కు ముందు క్యాను నిండుగా ఉందో లేదో చూసే పని ఒక మనిషికి అప్పగించండి. కాగితపు గ్లాసులు పెట్టండి. గేటు దగ్గర నిలబడే సిబ్బందికి, పసిబిడ్డ తిండిని ఆపకూడదని చెప్పి ఉంచండి. ఆ మాట పైనుంచి వస్తే వాళ్లు భయపడుతూ డబ్బాలు లాక్కోవాల్సిన అవసరం ఉండదు. దీనికయ్యే ఖర్చు ఒక షోలో అమ్ముడయ్యే నాలుగు పాప్‌కార్న్ డబ్బాలంత కూడా ఉండదు. అధికారులకు కూడా ఒక మాట. హాలు తనిఖీకి వెళ్లినప్పుడు మంటలార్పే సిలిండరు చూసినట్టే నీళ్ల కుళాయి కూడా తిప్పి చూడండి. దాన్ని ఇంటర్వెల్ సమయంలో చూడండి. పొద్దున పది గంటలకు అన్ని క్యాన్లూ నిండుగానే ఉంటాయి.

ఇక మన వంతు. చాలామందిమి అడగం. వంద రూపాయల కోసం గొడవెందుకులే, పిల్లల ముందు పరువు పోతుందేమో అనుకుంటాం. అడగడంలో పరువు పోయేదేమీ లేదు. గొంతు పెంచక్కర్లేదు. “మంచినీళ్లు ఎక్కడున్నాయండీ?” అని అడిగితే చాలు. లేవంటే మేనేజరును పిలిచి, సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తు చెయ్యండి. అప్పటికీ లేకపోతే టికెట్, బిల్లు దాచుకోండి. ఖాళీ క్యాను ఫోటో తీసి ఉంచుకోండి. తినుబండారాల బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. 2022 జనవరి నుంచి అది బిల్లు మీద ఉండి తీరాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు విలువ ఉన్న కేసుకు ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు, మన ఫిర్యాదు మనమే రాసుకుని ఇవ్వవచ్చు. అగర్తలలో ఆ ప్రేక్షకులు నీళ్ల సీసా గురించి అడిగారు గనకే దేశమంతటికీ పనికొచ్చే తీర్పు వచ్చింది.

ఇంకో చిన్న కోరిక. హాల్లో ఉచిత నీళ్లు దొరికిన రోజున ఆ గ్లాసును చెత్తబుట్టలో వెయ్యండి. సీటు కింద వదిలేసి రాకండి. మన వంతు మర్యాద మనం పాటిస్తేనే అవతలివాళ్ల బాధ్యత గట్టిగా అడగగలం.

తెలుగువాళ్లం సినిమాను ప్రాణంగా చూసుకునేవాళ్లం. పండగకు కొత్త బట్టలతో పాటు కొత్త సినిమా కావాలి మనకు. చీకట్లో రెండు మూడు వందల మంది ఒకేసారి నవ్వి, ఒకేసారి కన్నీళ్లు పెట్టుకునే చోటు మనకు మరొకటి లేదు. ఆ చోటికి ముసలివాళ్లు రావాలి, చంటిపిల్లల తల్లులు రావాలి, నెలకు ఒక్క సినిమాకు డబ్బు దాచుకునే ఆటో డ్రైవరు భార్యాపిల్లలతో రావాలి. వాళ్లు రాకుండా పోతే ఏ హాలూ నిలబడదు.

ఈసారి సినిమాకు వెళ్లినప్పుడు, ఇంటర్వెల్లో ఒక్క నిమిషం కేటాయించి, మంచినీళ్లు ఎక్కడున్నాయో అడగండి. మీకు దాహం లేకపోయినా అడగండి. మీ వెనక వరసలో మాత్ర చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు ఉంటారు.